విహార వీథి: ఉప్పుదీవిలో ఒక పగలు

శీతాకాలం రాగానే మన సంఘంలో రెండు ప్రశ్నలు లేస్తాయి. సంక్రాంతి గొబ్బెమ్మలకు ఆవుపేడ ఎక్కడ దొరుకుతుందన్నది మొదటిది. ఈ యేడు విహారయాత్ర ఎక్కడికన్నది రెండవది. మొదటిదానికి మావద్ద జవాబు లేదు. రెండవదానికి మాత్రం ఈసారి ఎనిమిది చీటీలు వచ్చాయి. అందులో ఐదింటి సారాంశం ఒక్కటే. ఎంతకాలం ఈ పార్కులూ, బొగ్గుల మీద కోడి కాల్చుకోవడాలూ? అందరం చందాలు వేసుకుని, ఒక పడవ మాట్లాడుకుని, జనం లేని దీవికి పోయి, రాత్రిపూట తాబేళ్ళు గుడ్లు పెట్టడం చూద్దాం అని. ఒక సభ్యులు దీవి పేరు కూడా రాసేశారు: సర్ బూ నయీర్. "మన షార్జా వారిదే కదా, అడ్డేముంటుంది?" అని వారి ధీమా.

ఆ చీటీలకు జవాబు చెప్పాలంటే ముందు మరొక దీవి సంగతి చెప్పాలి. పోయిన చలికాలంలో మేము పదిహేడుగురం, అందులో పిల్లలు ఐదుగురు, ఓడెక్కి ఆ దీవికి పోయివచ్చాం. పేరు సర్ బనియాస్. అబూధాబీ నగరానికి నైరుతిగా సుమారు 170 కిలోమీటర్ల దూరంలో, ఒడ్డుకు కాస్త ఎడంగా ఉంటుంది. శుక్రవారం సాయంత్రం దుబాయి రేవులో ఎక్కించుకుని, శనివారం పగలు దీవి దగ్గర ఆపి, ఆదివారం మళ్ళీ దుబాయిలో దింపే పద్ధతి కనుక ఎవరూ సెలవు పెట్టక్కర లేకపోయింది. విహార నౌకలు ఆ దీవి దగ్గర ఆగడం 2016 డిసెంబరులో మొదలైంది. అదీ చలికాలపు నెలల్లోనే. వేసవిలో ఆ ఇసుక మీద కాలు పెట్టడం మన తరం కాదు.

ఓడ అన్న మాటకు మన పెద్దలకు వేరే అర్థం ఉండేది. బొంబాయిలో ఎక్కి, కరాచీ, మస్కట్ మీదుగా ఈ గల్ఫు రేవులకు 'ద్వారక' అనే ఓడ తిరిగేది. 1982లో అది ఆగిపోయేదాకా డెక్కు టిక్కెట్టు కొనుక్కుని, ట్రంకుపెట్టె తలకింద పెట్టుకుని వచ్చినవాళ్ళు ఎందరో. అంతకుముందు 1961 ఏప్రిల్‌లో 'దారా' అనే ఓడ దుబాయి ఎదుటి సముద్రంలో పేలి, కాలి, 238 మంది పోయారు. ఇంకా వెనక్కి పోతే కోరంగి రేవు. అక్కడినుంచి బయలుదేరి పోయిన కారణానే బర్మాలో తెలుగువాడికి కోరంగీ అని పేరు స్థిరపడింది. కూలికి తప్ప సరదాకి ఓడెక్కని జాతి మనది. ఇప్పుడు సరదాకి ఎక్కుతున్నాం. ఎక్కి చేసే పని ఏమిటయ్యా అంటే పళ్ళెం పట్టుకుని వరసలో నిలబడడం. ఓడలోని ఈతకొలనూ, సినిమాహాలూ, నాలుగు రకాల భోజనశాలలూ వర్ణించడానికి ఈ శీర్షిక అక్కరలేదు. ఆ కంపెనీల కాగితాలు చాలు.

చెప్పవలసింది శనివారం తెల్లవారుజాము సంగతి. ఆరుగంటలకు పైడెక్కు మీద ఉన్నది మేము ఐదుగురమే. తూర్పున కాస్త తెల్లబడుతూండగా నీటికి జానెడెత్తున నల్లటి గీత ఒకటి కదులుతూ కనిపించింది. ముందు పొగ అనుకున్నాం. దగ్గరకు వస్తే పక్షులు. ఒకదాని వెనక ఒకటి, వందలు, మాట్లాడకుండా, ఎవరో పిలిచినట్టు ఒకే దిక్కుకు పోతున్నాయి. అవి సొకోత్రా నీటికాకులు. మన చెరువుల్లో మునిగి చేపపట్టే నీటికాకికి దాయాదులే గాని, ఇవి ఈ గల్ఫులోనూ, అరేబియా దక్షిణ తీరాన మాత్రమే పిల్లల్ని చేస్తాయి. చెట్టు మీద కాదు, వట్టి ఇసుక నేల మీద గుంట చేసుకుని గుడ్డు పెడతాయి. అందుకనే వాటికి మనుషులు లేని దీవి కావాలి. పిల్లి ఒక్కటి చేరినా చాలు, గూళ్ళ తావు నాశనమైపోతుంది. మనకు దగ్గరలోనే, ఉమ్ అల్ కువైన్ ఎదుట సినియా దీవిలో, వీటి పెద్ద తావు ఒకటుంది. షార్జా నుంచి గంట ప్రయాణం కూడా లేని చోట అంత పెద్ద పక్షుల బస్తీ ఉందన్న సంగతి మాలో ఒక్కరికే తెలుసు. వారు పదేళ్ళుగా రోలాలో మా పక్క బిల్డింగులో ఉంటున్నారు.

ఎనిమిదిన్నరకు ఓడ లంగరు వేసింది. అక్కడినుంచి లాంచీలో ఒడ్డుకు. ఒడ్డున సముద్రస్నానాలకు చక్కగా తీర్చిన ఇసుకతీరం, గొడుగులు, పడక కుర్చీలు. ఓడ జనంలో ముప్పాతిక మంది అక్కడే ఆగిపోయి సాయంత్రం దాకా కదలలేదు. వారిని తప్పు పట్టడం లేదు. ఆరురోజులు పనిచేసినవాడికి పడక కుర్చీ కూడా విహారమే. మేము మాత్రం ముందే పేర్లు ఇచ్చి ఉన్నాం కనుక తెరిచిన జీపుల్లో ఎక్కాం.

దీవి విస్తీర్ణం 87 చదరపు కిలోమీటర్లు. మనవైపు ఒక చిన్న మండలమంత. సహజంగా తాగునీరు లేని చోటు. షేక్ జాయెద్ 1970లలో ఇక్కడ వేట మాన్పించి, లక్షల చెట్లు నాటించి, తన సొంత శ్రద్ధతో జంతువులను తెప్పించి వదిలారు. చాలా కాలం అతిథులకు తప్ప ప్రవేశం ఉండేది కాదు. 2008లో హోటలు కట్టాక మామూలు జనానికి తలుపు తెరుచుకుంది. ఇప్పుడు దీవిలో సగం దాకా కంచె వేసిన అభయారణ్యం. అరణ్యం అంటే నల్లమల ఊహించుకోకండి. వరసలు తీర్చి నాటిన చెట్లు, ప్రతి చెట్టు మొదట్లో నీటి గొట్టం, వాటి నడుమ ఎర్రమట్టి బాట.

పిల్లలకు మొదటి పావుగంటలోనే జన్మ ధన్యమైంది. మూడు జిరాఫీలు బాట పక్కనే తలలు వంచి నిలబడ్డాయి. ఫోటోలు ఎన్ని తీశారో లెక్కలేదు. జిరాఫీ ఆఫ్రికాది, ఈ నేలకు దానికి సంబంధం లేదు. బండి నడిపిన నేపాలీ కుర్రవాడికి ఆ సంగతి బాగా తెలుసు. వాడు జిరాఫీల దగ్గర తొందరపెట్టి, ఏమీ లేని ఒక తిన్నె దగ్గర ఇంజను ఆపేసి, "ఇప్పుడు చూడండి" అన్నాడు హిందీలో. ఐదు నిమిషాలకు తిన్నె వెనకనుంచి తెల్లటి జంతువులు ఒక్కొక్కటే వచ్చాయి. తెల్లటి ఒళ్ళు, నల్లటి కాళ్ళు, రెండడుగుల పైన కత్తుల్లా నిటారుగా కొమ్ములు. పక్కనుంచి చూస్తే రెండు కొమ్ములూ ఒకటిగా కనబడతాయి. ఒంటికొమ్ము గుర్రం కథ దీన్ని చూసే పుట్టిందంటారు. అరేబియా ఓరిక్స్. అరబ్బీలో మహా. ఇక్కడి ఆడపిల్లలకు పెట్టుకునే మహా అన్న పేరు దీనిదే, మనం హరిణి అని పెట్టుకున్నట్టు.

ఈ జంతువు కథ పిల్లలకు చెప్పదగ్గది. బండీ, తుపాకీ వచ్చాక ఎడారిలో దీన్ని తరిమి తరిమి చంపేశారు. 1962లో కొందరు తేరుకుని ఏడెన్ వైపు ఎడారిలో మిగిలిన కొద్దింటిలో కొన్నిటిని పట్టి అమెరికాలోని ఫీనిక్స్ జంతుశాలకు పంపారు. 1972లో ఒమాన్ ఎడారిలో చివరి గుంపు కూడా వేటగాళ్ళ పాలైంది. అంటే ఆ తరవాత పదేళ్ళు స్వేచ్ఛగా తిరిగే ఓరిక్స్ భూమి మీద ఒక్కటి లేదు. జంతుశాలల్లోనూ, రాజుల తోటల్లోనూ పెంచినవాటి సంతానాన్ని 1982లో మళ్ళీ ఒమాన్‌లో వదిలారు. 2011లో ప్రపంచ ప్రకృతి సంరక్షణ సంఘం వారు దీన్ని ప్రమాదపు మెట్లలో ఒక మెట్టు పైకి తెచ్చారు. అడవిలో పూర్తిగా అంతరించి, తిరిగి ఆ స్థాయికి కోలుకున్న మొదటి జంతువు ఇదేనట. సర్ బనియాస్‌లో ఇప్పుడు ఇవి వందలకొద్దీ ఉన్నాయి.

మాతో వచ్చిన పిన్నిగారు ఒకరు, అమలాపురం నుంచి కొడుకు దగ్గరకు వచ్చి ఉన్నవారు, ఇదంతా విని ఒక్క ప్రశ్న వేశారు. "అది సరేరా అబ్బాయీ, వీటికి మేత ఎవరు వేస్తున్నారు? ఆ వేసేవాళ్ళు నాలుగు రోజులు రాకపోతే?"

కొడుకు హిందీలోకి మార్చి అడిగాడు. కుర్రవాడు నవ్వలేదు. మేత తొట్లు చూపించాడు. ఈ దీవిలో మొలిచేదానితో ఇన్నివేల జంతువులు బతకవు, రోజూ గడ్డి, నీరు మేమే పెట్టాలి అన్నాడు. పిన్నిగారు తల పంకించి, "అయితే ఇది అడివి కాదు, గోశాల" అన్నారు. మాటలో ఎగతాళి లేదు. గోశాల అంటే ఆవిడకు గౌరవమే. పాడి ఇంట్లో పుట్టి పెరిగిన మనిషికి, తెల్లారకముందే లేచి మేత వేసే చేతుల విలువ ఎవరూ చెప్పనక్కరలేదు.

ఆ మాట మాకు తరవాత చాలాసేపు పనిచేసింది. ఇక్కడ తెచ్చిపెట్టినది ఏది, ఉన్నది ఏది అని వెతకడం మొదలుపెట్టాం. అక్కడే జీపులో రాష్ట్రాల తగువు వచ్చిపడింది. బాట పక్క నల్లటి మగజింక ఒకటి మెలితిరిగిన కొమ్ములతో నిలబడితే, గుంటూరు సభ్యులొకరు "కృష్ణజింక! ఆంధ్ర రాష్ట్ర జంతువు!" అని లేచి నిలుచున్నారు. (జీపులో లేచి నిలబడకూడదు. కుర్రవాడు కూర్చోబెట్టాడు.) మన దేశంనుంచి తెచ్చి పెంచిన జాతి అది. కరీంనగర్ సభ్యులు ఊరుకుంటారా? "మా చుక్కల జింకేది?" అన్నారు. అది మాకు కనబడలేదు. కాని వారికి వేరే న్యాయం జరిగింది. నాటిన చెట్లలో సన్నటి ఆకుల చెట్టు ఒకటి చూపించి దీని పేరేమిటని అడిగితే ఘాఫ్ అన్నాడు కుర్రవాడు. ఎమిరేట్ల జాతీయ వృక్షం. మనవాళ్ళు దిగి ఆకు చూసి గుర్తుపట్టారు: జమ్మి. దసరాకు మనం ప్రదక్షిణం చేసే జమ్మిచెట్టే. తెలంగాణ రాష్ట్ర వృక్షమూ అదే. ఇది ఎవరూ ఓడలో తెచ్చింది కాదు. ఈ ఎడారికీ, మన మెట్టనేలకూ ఉమ్మడి సొత్తు.

ఆ తగువు అంతటితో ఆగలేదు. ఇంటికి వచ్చాక లెక్క తీస్తే తేలింది ఏమంటే, తెలంగాణ రాష్ట్రపక్షి పాలపిట్ట షార్జాలో తీగల మీద ఏడాది పొడుగునా కూర్చునే ఉంటుంది. 2018లో ఆంధ్ర వారు పాలపిట్టను వదిలి రామచిలుకను ఎంచుకున్నారు. ఆ రామచిలుకలూ ఇక్కడ, పంజరాల్లోంచి తప్పించుకుని కొన్నీ, ఎలా వచ్చాయో తెలియనివి కొన్నీ, గుంపులు గుంపులు. ఆంధ్ర రాష్ట్రవృక్షం వేప, ఇక్కడ రోడ్డు పక్కలనిండా అదే. అసలు మనం నివసించే రోలా అన్నమాటకే మర్రిచెట్టు అని అర్థం. ఆ మర్రి 1978లో కూలిపోయింది; చెట్టులేని మైదానానికి చెట్టు పేరు మిగిలింది. మర్రి మాత్రం ఎక్కడిది? మన దేశపుదే. ఎవరో వర్తకుడి చేతిమీద సముద్రం దాటి ఉంటుంది కాబోలు.

మధ్యాహ్నం ముందర గుట్ట ఎక్కాం. నడిచినవాళ్ళం ఎనిమిదిమందిమి, మిగతావారు నీడలో ఉండిపోయారు. ఎత్తు పెద్దది కాదు గాని రంగులు చూడాలి. ఎర్రటి రాయి, ఊదారంగు రాయి, పసుపు గీతలు, మధ్యమధ్య మెరిసే రవ్వలు. ఇది ఉప్పుగుట్ట. యాభై కోట్ల ఏళ్ళకు పైబడిన ఉప్పు పొరలు భూమిలో చాలా లోతున ఉన్నాయి. పైనున్న రాతికన్నా ఉప్పు తేలిక. పైగా బరువు పడితే పిండిలా సాగుతుంది. బలహీనమైన చోటు చూసుకుని పొరలను తోసుకుంటూ పైకి లేస్తుంది, నూనెలో పూరీ పొంగినట్టు. అలా లేస్తూ లోతులో రాళ్ళను, ఇనుప మన్నును కూడా పైకి లాక్కొస్తుంది. ఈ గల్ఫులో చాలా దీవులు ఇలా పుట్టినవే: దల్మా, జిర్కూ, మన సర్ బూ నయీర్ కూడా. ఇంకొక విచిత్రం. ఇరవైవేల ఏళ్ళ కిందట గల్ఫు లేనే లేదు. ఇదంతా పొడినేల, మంచుయుగం ముగిసి సముద్రం లోపలికి వచ్చాకనే మైదానంలో గుట్టలు దీవులయ్యాయి. గల్ఫు సగటు లోతు ఇప్పటికీ ముప్పై అయిదు మీటర్లే.

గుట్ట మీదనుంచి దిగేటప్పుడు ఒక స్తంభం మీద పుల్లల దిబ్బ, దానిమీద కూర్చున్న చేపలగద్దను చూశాం. అది తలతిప్పి మమ్మల్ని చూసింది. కుర్రవాడు చేత్తో సైగచేసి అందరినీ ఆపేశాడు. ఇంకో పది అడుగులు వేస్తే అది లేచిపోతుంది, లేచిందంటే గుడ్డు మీద ఎండ పడుతుంది అన్నాడు. మా ఎనిమిదిమందికీ ఉన్న బైనాక్యులర్లు ఒక్కటే. చేతులు మార్చుకుంటూ, నిలుచున్న చోటే, ఇరవై నిమిషాలు చూశాం. జిరాఫీ దగ్గర తీసిన ఫోటోలు ఎక్కడున్నాయో తెలియదు గాని, ఆ గద్ద కన్ను పసుపుపచ్చగా ఎట్లా ఉందో మాకు ఇప్పటికీ గుర్తే.

భోజనాలయ్యాక పడవలు. కయాక్ అంటారు, ఇద్దరు కూర్చుని చెరొక తెడ్డు వేసే సన్నని పడవ. ఈతరాని వారికి కూడా చొక్కా తొడిగి ఎక్కిస్తారు. మడచెట్ల మధ్య కాలవలో మూడడుగుల నీటిలో ప్రయాణం. ఈ దేశంలో సహజంగా పెరిగే మడ ఒకటే రకం. మన కోరంగి మడ అడవిలో పదికిపైగా రకాలున్నాయి. కాని నీరు మాత్రం కోరంగిలో ఇంత తేటగా ఉండదు, అక్కడ గోదావరి ఒండ్రు. ఇక్కడ అడుగున పీత నడిచినా కనబడుతుంది. లోపల మూలగా కొన్ని ఫ్లెమింగోలు ఒంటికాలి మీద ఉన్నాయి. మా పడవల్లో ఒకటి ఎదురు తిరిగి మడలో దూరి ఇరుక్కుంది, అందులో ఉన్నవారు కోనసీమ వాస్తవ్యులు కావడం వల్ల ఆ సంగతి ఇంతకన్నా వివరంగా రాయడం లేదు.

దీవి తూర్పున తవ్విన పాత గోడల గురించి రెండు మాటలు. 1992లో పురాతత్వం వారికి ఇక్కడ ఒక క్రైస్తవ మఠం బయటపడింది. ఏడెనిమిది శతాబ్దాల నాటిది. తూర్పు చర్చి సన్యాసులు ఉండేవారట. 2025లో తవ్వితే సున్నపు పలకమీద చెక్కిన శిలువ కూడా దొరికింది. వెనిస్ నగల వర్తకుడు గాస్పారో బాల్బీ 1590లో అచ్చయిన తన యాత్రా గ్రంథంలో ముత్యాలు దొరికే చోట్లలో ఈ దీవి పేరు కూడా చెప్పాడు. అంటే ఈ ఉప్పుగుట్టకు జనం రావడం కొత్త కాదన్నమాట.

రాత్రి తిరుగు ప్రయాణంలో ఒక విషయం ఎవరికీ తోచలేదు. అబూధాబీకీ ఈ దీవికీ మధ్యనున్న సముద్రంలోనే మరావా రక్షితప్రాంతం ఉంది. యునెస్కో వారు 2007లో జీవావరణ క్షేత్రంగా గుర్తించినది. అక్కడి గడ్డి తివాచీల మీద సముద్రపు ఆవులు మేస్తాయి. నిజంగానే గడ్డి తినే జంతువు, డ్యూగాంగ్ అంటారు. ఆస్ట్రేలియా తరవాత ప్రపంచంలో ఇన్ని ఉన్నది ఇక్కడే, సుమారు మూడువేలు. ఆ నడుమనే బూ తీనా అనే చిన్న దీవుల గుంపు. అక్కడికి విహారయాత్రికులను రానివ్వరు. వేలమంది తిని, ఆడి, పడుకుని, పక్కనుంచి పోతూంటారు. ఒక్కరికీ కనబడవు. మాకూ కనబడలేదు. డెక్కు మీద నిలబడి చీకట్లోకి చూసి, అక్కడెక్కడో ఉన్నాయి కదా అనుకున్నాం, అంతే.

ఇక చీటీల సంగతి. సర్ బూ నయీర్ షార్జా వారిదే, నిజమే. షార్జా ఒడ్డుకు నూటపది కిలోమీటర్ల దూరాన, పదమూడు చదరపు కిలోమీటర్ల ఉప్పుదీవి. 2000లో షార్జా ప్రభుత్వం రక్షితప్రాంతంగా ప్రకటించింది. 2013లో రామ్‌సర్ జాబితాలోకి ఎక్కింది. డేగముక్కు తాబేలు గుడ్లు పెట్టే చోట్లలో ఈ దేశంలోకెల్లా ముఖ్యమైన వాటిలో ఒకటి. మార్చి నుంచి జూను దాకా రాత్రుళ్ళు ఒడ్డెక్కుతాయి. అనుమతి లేకుండా కాలు పెట్టకూడదు. మేము అడిగితే అనుమతి వస్తుందా రాదా అన్నది వేరే ప్రశ్న. అడగవద్దనే మా సలహా.

ఎందుకంటారా. ఆడ తాబేలు ఇరవై ముప్పై ఏళ్ళు సముద్రంలో తిరిగి, తాను పుట్టిన తీరాన్ని వెతుక్కుంటూ వస్తుంది. ఇసుక మీదకు ప్రాకేటప్పుడు వెలుతురు కనబడినా, మనిషి కదిలినా, గుడ్లు పెట్టకుండా వెనక్కి తిరిగిపోతుంది. మనం అరవై మందిమి. అందులో ఇరవైమంది చేతుల్లో సెల్‌ఫోను దీపాలు వెలగకుండా ఆపగల మొనగాడు మన కార్యవర్గంలో లేడు. గుడ్లున్న చోట ఇసుకను తొక్కితే గట్టిపడి పిల్లలు పైకి రాలేవు. మరొకటి, గూటిలో వేడిని బట్టి పిల్ల ఆడో మగో అవుతుంది. అంత సున్నితం ఆ ఇసుక. పొట్లాలూ, సీసాలూ అక్కడ వదలం అని మీరంటారు. 2021లో షార్జాలో చనిపోయి ఒడ్డుకు కొట్టుకొచ్చిన తాబేళ్ళను కోసి చూసిన పరిశోధకులకు పచ్చతాబేళ్ళలో నూటికి డెబ్బయి అయిదింటి కడుపులో మనుషులు పారేసిన చెత్త కనిపించింది. అదంతా వదిలినవాళ్ళు కూడా వదలలేదనే అనుకుని ఉంటారు.

పిన్నిగారి మాటే తిప్పి చెప్పుకుంటే తేలిక. సర్ బనియాస్‌లో మనిషి నాలుగు రోజులు రాకపోతే జంతువులు మాడిపోతాయి. సర్ బూ నయీర్‌లో మనిషి నాలుగు నెలలు రాకపోతేనే తాబేలు దించుకోగలుగుతుంది. ఒకదానికి టిక్కెట్టు కొని పోవచ్చు, మన డబ్బు మేతకు పనికివస్తుంది. రెండవదానికి మనం చేయగల ఉపకారం ఇంట్లో ఉండడం.

కాకినాడ సభ్యులు ఇక్కడ అడ్డుతగిలారు, మా ఊరి హోప్ ఐలాండుకు పడవలు పోతున్నాయి కదా అని. పోతున్నాయి. పదహారు కిలోమీటర్ల ఆ ఇసుక దిబ్బ గోదావరి ఒండ్రుతో రెండువందల ఏళ్ళలో పేరుకున్నది. కాకినాడ రేవుకు తుఫాను అలలు తగలకుండా కాస్తున్నదీ అదే. అక్కడ ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు చలికాలం చివర గుడ్లు పెడతాయి, అటవీశాఖ వారు గుడ్లు సేకరించి కంచెల్లో పొదిగించి పిల్లల్ని వదులుతారు. అది చూడదగ్గది, పగటిపూట, వారి అనుమతితో. కాని 2025 జనవరిలో అదే తీరాన చచ్చిన తాబేళ్ళు పెద్దసంఖ్యలో కొట్టుకొస్తే ప్రభుత్వం విచారణ వేయవలసి వచ్చింది. సంక్రాంతికి ఇంటికి పోయేవారు ఆ దీవికి వెళ్ళివచ్చి ఏమి చూశారో ఈ శీర్షికకు రాయండి, అచ్చువేస్తాం.

కార్యవర్గం ముందు మేము పెడుతున్న ఏర్పాటు ఇది. ఓడ ఖర్చు భరించగలవారు విడిగా ఒక జట్టుగా సర్ బనియాస్ పోవచ్చు. కారులో పోయేవారికి జబల్ ధన్నా దాకా రోడ్డు, అక్కడినుంచి పడవ ఉన్నాయి; రోలా నుంచి నాలుగువందల కిలోమీటర్లకు పైమాటే, కనుక పొద్దున పోయి సాయంత్రం వచ్చే పని కాదు. సంఘం యాత్ర మాత్రం, అందరికీ అందుబాటులో, రెండు చోట్లకు. ఒకటి ఊళ్ళోనే ఉన్న వాసిత్ చిత్తడినేల. ఒకప్పుడు చెత్తా మురుగూ చేరిన చోటును బాగుచేసి 2015లో తెరిచారు. అద్దాల వెనక కూర్చుని పక్షులను చూడవచ్చు, ముసలివారు కూడా నడవక్కరలేదు. రెండవది తూర్పు తీరాన ఖోర్ కల్బా మడ అడవి. అక్కడ నీలపు తెల్లమెడ లకుముకి ఒకటుంది. ఆ ఉపజాతి ఈ తీరాన, పక్కనే ఒమాన్‌లో తప్ప ఇంకెక్కడా లేదు. తాబేలు చూడాలని పట్టుబట్టిన ఐదుగురికీ అక్కడే సమాధానం దొరుకుతుంది. దెబ్బతిన్న తాబేళ్ళకు వైద్యం చేసి, కోలుకున్నాక సముద్రంలో వదిలే ఏర్పాటు ఆ మడ కేంద్రంలో ఉంది. పగలు, నీళ్ళతొట్టి దగ్గర, దీపాలు అక్కరలేకుండా.

కల్బాకు రెండు బస్సులు మాట్లాడవలసి ఉంటుంది. పేర్లు ఇచ్చేవారు పిల్లల వయసులు కూడా రాయాలి. తెల్లచొక్కాలు వేసుకు రావద్దు, పక్షులకు దూరాన్నించే కనబడతాయి. ఇసుక రంగో ఆకు రంగో మేలు. పులిహోర, దద్దోజనం స్త్రీల విభాగం వారు చూస్తామన్నారు, అరిటాకులో కట్టి, కాగితపు పళ్ళేలు లేకుండా. సంఘం బీరువాలో బైనాక్యులర్లు రెండే ఉన్నాయి, ఒకదానికి ఎడమ కన్ను మసక. సొంతవి ఉన్నవారు తప్పక తేవాలి. లేనివారు ఉన్నవారి పక్కన సీటు చూసుకోవాలి.